సెస్నా 172 విండ్‌షీల్డ్, కిటికీలు మార్చడం: మీరేం చేయొచ్చు, అక్రిలిక్ ఎందుకు పగులుతుంది

తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి మీ ప్రశ్న క్లుప్తంగా మళ్లీ చెప్తున్నాను. డాలస్ దగ్గర 1975 నాటి సెస్నా 172ఎమ్ అనే చిన్న విమానం కొన్నారు. సాయంత్రం పడమటి వైపు దిగేటప్పుడు విండ్‌షీల్డ్ అంతా తెల్లగా మెరిసి రన్‌వే సరిగా కనపడట్లేదు. ఎడమ వెనక కిటికీకి కింది మూల నుంచి పగులు బయల్దేరింది. వాన పడితే కుడి సీటు వాళ్ల కాళ్ల దగ్గరికి నీళ్లు వస్తున్నాయి. మీకు ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్ ఉంది, చేతిపని అలవాటే. ఇవన్నీ మీరే మార్చుకోవచ్చా, హార్డ్‌వేర్ షాపులో దొరికే ప్లెక్సీగ్లాస్ (అక్రిలిక్ ప్లాస్టిక్) షీట్ కోసి వేయొచ్చా, పావు అంగుళం మందంది వేస్తే మేలా, అంచులకి సిలికాన్ సరిపోతుందా అని అడిగారు.

నేను ఇక్కడ ఏ అండ్ పీ మెకానిక్‌ని (విమానం బాడీ, ఇంజిన్ రెండిటికీ లైసెన్సున్న మెకానిక్), తనిఖీ చేసే అధికారం ఐఏ కూడా ఉంది, రోజూ చేసేది చిన్న సెస్నాలు, పైపర్‌ల పనే. ముందు సూటిగా జవాబులు. పక్క కిటికీ మీరే మార్చుకోవచ్చు, షరతులున్నాయి. విండ్‌షీల్డ్ మీ అంతట మీరు మార్చకూడదు, కానీ మెకానిక్ దగ్గరుండి చూస్తుంటే మీ చేతులతోనే మార్చొచ్చు. షాపు షీట్ వద్దు. మందంది మంచిదే, అందరికీ అవసరం లేదు. సిలికాన్ మాత్రం వద్దే వద్దు.

అసలు మార్చాలా వద్దా అన్నది ముందు తేల్చుకోండి, ఎందుకంటే పాలిష్‌తో పోయేదానికి విండ్‌షీల్డ్ విప్పినవాళ్లని చూశాను, విప్పాల్సినదాన్ని వారాల తరబడి పాలిష్ చేసినవాళ్లనీ చూశాను. విమానాన్ని సూర్యుడికి ఎదురుగా నిలబెట్టి, లోపల కూర్చుని, తల కొద్దిగా అటూ ఇటూ కదుపుతూ చూడండి. మామూలు గీతలైతే గుడ్డ తిప్పిన దారినే వంపులుగా కనిపిస్తాయి, లోతైనవి గోటికి తగులుతాయి. నెర్రెలు వేరు. ఒక కోణంలో వందలకొద్దీ సన్నటి చీలికలు ఒక్కసారిగా మెరుస్తాయి, తల కదిపితే మాయమవుతాయి, గోటికి చాలావరకు తగలవు. మీరు చెప్పిన లక్షణం, అంటే నీడలో బాగానే ఉండి సూర్యుడు ఎదురైతే మొత్తం తెల్లబడటం, ఎక్కువగా నెర్రెలదే. గీతలని మైక్రోమెష్ అనే నునుపు చేసే గుడ్డల కిట్‌తో, 1500 గరుకు నుంచి మొదలుపెట్టి 12000 దాకా ఓపిగ్గా దిగుతూ పోతే బాగానే తీసేయొచ్చు, కాకపోతే ఒకేచోట ఎక్కువసేపు రుద్దితే అక్కడ పల్లం పడి అవతలి దృశ్యం వంకరగా కనిపిస్తుంది, కళ్ల ఎదుటి భాగంలో అది గీత కంటే ప్రమాదం. నెర్రెలకి పాలిష్ మందు కాదు. అవి లోపలికి దిగి ఉంటాయి, బలాన్ని కూడా తగ్గిస్తాయి. అవి నెర్రెలే అని తేలితే కొత్తది కొనండి, ఇంకో సంవత్సరం లాగుదాం అనుకోవద్దు.

వెనక కిటికీ పగులు సంగతి. పగులు చివర సుమారు ఎనిమిదో వంతు అంగుళం బెజ్జం వేస్తే అది ముందుకి పాకకుండా ఆగుతుంది, సెస్నా సర్వీస్ మాన్యువల్ కూడా ఈ మాటే చెప్తుంది. కానీ అది కొత్త కిటికీ వచ్చేదాకా తాత్కాలికంగా చేసేది. అదే పగులు విండ్‌షీల్డ్‌లో, పైలట్ చూపుకి అడ్డంగా వస్తే మాత్రం బెజ్జం వేసి ఎగరమని నేను ఎవరికీ చెప్పను.

ఇక చట్టం. అమెరికాలో రిజిస్టరైన విమానానికి అక్కడి విమానయాన సంస్థ ఎఫ్ఏఏ మరమ్మతు నిబంధనలు, అంటే పార్ట్ 43, అపెండిక్స్ ఏ చూడండి. సొంతదారు పైలట్ చేసుకోగల పనుల జాబితాలో పక్క కిటికీలు మార్చడం ఉంది, అయితే ఆ పని విమాన నిర్మాణానికి గానీ, కంట్రోళ్లు, ఎలక్ట్రికల్ లాంటి వ్యవస్థలకి గానీ అడ్డు రాకూడదు అన్న షరతుతో. విండ్‌షీల్డ్ పేరు ఆ జాబితాలో లేదు. లేదంటే మెకానిక్ పని అని అర్థం, వాదన అక్కర్లేదు. 172లో ఒక చిక్కుంది: పక్క కిటికీలని పట్టుకునే రిటైనర్ పట్టీలు రివెట్లతో బిగించి ఉంటాయి. ఆ రివెట్లు డ్రిల్ చేసి తీయాలి. డ్రిల్ పక్కకి జారి రేకులో బెజ్జం పెద్దదైతే అప్పుడది కిటికీ పని కాదు, రేకు పని, అది మీ చేతిలో లేదు. అందుకే నా సలహా, కాగితం మీద అనుమతి ఉన్నా మొదటిసారి మీ మెకానిక్‌తో మాట్లాడి, రివెట్లు తీసేటప్పుడైనా ఆయన పక్కనుండేలా చూసుకోండి. విండ్‌షీల్డ్‌కి అదే పార్ట్‌లోని 43.3 డీ నియమం కింద దారి ఉంది: మెకానిక్ పర్యవేక్షణలో, ఆయన అవసరమైనంత మేర స్వయంగా చూస్తూ, అడిగితే పలికే దూరంలో ఉంటే మీరు పని చేయొచ్చు, లాగ్‌బుక్‌లో సంతకం ఆయనది. చాలామంది మెకానిక్‌లు దీనికి ఒప్పుకుంటారు, కానీ పని మొదలుపెట్టక ముందే అడగాలి. విప్పేసి కుప్ప పోసి ఆ తర్వాత పిలిస్తే ఎవరికైనా కోపమే వస్తుంది, అందులో తప్పు లేదు.

ఇండియాలో ఎగిరేవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. అక్కడ రిజిస్టరైన (వీటీ) విమానాలకి ఇండియా విమానయాన సంస్థ డీజీసీఏ నిబంధనలు వర్తిస్తాయి, నేను పైన చెప్పిన సొంతదారు వెసులుబాటు అమెరికా చట్టంలోది. పదార్థం గురించి, అమర్చే పద్ధతి గురించి చెప్పేది మాత్రం ఎక్కడైనా ఒకటే.

హార్డ్‌వేర్ షాపు షీట్ ఎందుకు వద్దంటే, అక్కడ అమ్మేది చాలావరకు ఎక్స్‌ట్రూడెడ్ (యంత్రంలోంచి నొక్కి తీసిన) అక్రిలిక్ లేదా పాలీకార్బొనేట్ అనే ఇంకో ప్లాస్టిక్. విమానాలకి వాడేది పోత పోసిన అక్రిలిక్, దానికి మిలిటరీ స్పెసిఫికేషన్లు ఉన్నాయి, నెర్రెలు తట్టుకునే రకానికి వేరుగా ఇంకో స్పెసిఫికేషన్ ఉంది. పాలీకార్బొనేట్ సుత్తితో కొట్టినా పగలదు కదా అని కొందరంటారు. నిజమే, కానీ దాని మీద పెట్రోలు చుక్క పడితే అక్రిలిక్ కంటే ఘోరంగా పాడవుతుంది, గీతలు తొందరగా పడతాయి, ఎండకి పచ్చబడుతుంది. రెక్కలో ఇంధనం మోసే విమానానికి ఇది సరైన సరుకు కాదు. పైగా విండ్‌షీల్డ్, మీ వెనక కిటికీ లాంటివి వంపు తిరిగినవి, ఇంట్లో ఓవెన్‌లో వంచితే వచ్చేవి కావు. విడిభాగాలు తయారు చేయడానికి ఎఫ్ఏఏ ఇచ్చే పీఎంఏ ఆమోదం ఉన్న ఎల్పీ ఏరో ప్లాస్టిక్స్, గ్రేట్ లేక్స్ ఏరో, సీ బెయిలీస్ లాంటివాళ్ల దగ్గర మీ మోడల్, సీరియల్ నంబరు చెప్పి తెప్పించుకోండి. సంవత్సరాన్ని బట్టి 172 ఆకారం మారింది, వెనక అద్దం 1963లో 172డీతో వచ్చింది, అంతకు ముందువాటికి లేదు, అలాగే చిన్న చిన్న తేడాలు చాలా ఉన్నాయి. సీరియల్ నంబరు లేకుండా ఆర్డర్ పెట్టొద్దు.

ఇంత పెద్ద డబ్బా లారీ రవాణాలో వస్తుంది. డ్రైవర్ తొందరపెట్టినా సంతకం పెట్టే ముందే మూలలు చూడండి, డబ్బా నొక్కుకుపోయి ఉంటే ఆ మాట రసీదు మీద రాయండి. తర్వాత చెప్తే ఎవరూ వినరు.

మందం గురించి. పావు అంగుళం విండ్‌షీల్డ్‌తో క్యాబిన్‌లో చప్పుడు తగ్గుతుంది, తేడా చెవికి తెలుస్తుంది, పక్షి తగిలినా పల్చనిదానికంటే నిలబడే అవకాశం ఎక్కువ. మీ తరహా విమానాలకి పక్షి తగిలితే ఆగాలన్న నిబంధనే లేదని చాలామందికి తెలియదు, చిన్న విమానాల డిజైన్ నిబంధనలైన పార్ట్ 23లో రెండు పౌన్ల పక్షి పరీక్ష కమ్యూటర్ తరగతికే (చిన్న ప్రయాణికుల సర్వీసు విమానాలకే) పెట్టారు. బరువు సంగతి లెక్క వేసుకోవచ్చు: అక్రిలిక్ ఎనిమిదో వంతు అంగుళం మందంలో చదరపు మీటరుకి సుమారు 3.8 కిలోలు, పావు అంగుళమైతే 7.6. మరీ భారం కాదు. చిక్కంతా అమర్చడంలోనే. మందం ఎక్కువైతే వంగదు, అంచు కూర్చునే పాత గాడిలో (చానెల్‌లో) పట్టదు, కొన్ని మోడళ్లకి అంచులు పల్చగా చెక్కి ఇస్తారు, కొన్నిటికి ఎస్‌టీసీ (డిజైన్ మార్పుకి ఎఫ్ఏఏ ఇచ్చే ఆమోదం) కావాలి, పెద్ద మార్పులు నమోదు చేసే ఫారం 337 నింపాలి, బరువు లెక్క కాగితం మార్చాలి. మీది మొదటిసారి. వారానికోసారి దగ్గరి ఊళ్లకి ఎగిరేదానికి అసలు మందమే వేసుకోండి. దూర ప్రయాణాలు చేస్తూ చప్పుడుతో విసిగిపోయినవాళ్లకి మందంది పెట్టిన ఖర్చుకి తగ్గ సుఖం ఇస్తుంది.

రంగు అడగలేదు గానీ అడుగుతారు. టెక్సస్ ఎండకి లేత ఆకుపచ్చ, బూడిద రంగు బాగానే ఉంటాయి. పైలట్ వీపుకి ముందుండే అద్దాల గుండా కనీసం 70 శాతం వెలుతురు రావాలని 2017 దాకా పార్ట్ 23లో చాలా ఏళ్లు నిబంధన ఉండేది, ముదురు రంగులు వెనక కిటికీలకే పనికొస్తాయి. విండ్‌షీల్డ్ మాత్రం రంగు లేనిదే తీసుకోమంటాను. రాత్రిపూట, మబ్బు పట్టినప్పుడు ఆ కొద్దిపాటి వెలుతురు కూడా కావాలి. నల్ల కళ్లజోడైతే తీసేయొచ్చు, విండ్‌షీల్డ్ తీయలేం కదా.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. అక్రిలిక్ వేడికి అల్యూమినియం కంటే సుమారు మూడు రెట్లు సాగుతుంది. మీటరు పొడవున్న ముక్క తీసుకోండి. చలికాలం తెల్లవారుజామున సున్నా దగ్గర, ఎండాకాలం మధ్యాహ్నం విమానం నిలిపే ర్యాంప్ మీద 50 డిగ్రీలు దాటి, అంటే 50 డిగ్రీల తేడాకి అక్రిలిక్ 3.5 మిల్లీమీటర్లు పెరుగుతుంది, చుట్టూ ఉన్న అల్యూమినియం చట్రం ఒక మిల్లీమీటరు పైచిలుకు మాత్రమే. మిగతా రెండు మిల్లీమీటర్ల పైన ఎటు పోవాలి? అందుకే రైలు పట్టాల మధ్య సందు వదిలినట్టు చుట్టూ సందు వదలాలి. సెస్నా 172 విండ్‌షీల్డ్‌కి అంచుల్లో స్క్రూ బెజ్జాలు లేకపోవడానికి కారణం ఇదే, చుట్టూ రిటైనర్ పట్టీల మధ్య మెత్తటి సీలు మీద అది ఊరికే కూర్చుని ఉంటుంది. మనవాళ్ల చేతికి గట్టిగా బిగిస్తేనే తృప్తి. ఇక్కడ ఆ అలవాటు పనికిరాదు. అక్రిలిక్‌ని పట్టుకోవాలి, నొక్కకూడదు, వంచి ఇరికించకూడదు. లోపల బిగువు ఉన్న అక్రిలిక్‌కి కాస్త పెట్రోలు ఆవిరో, ఆల్కహాలో, ఎండో తోడైతే నెర్రెలు మొదలవుతాయి. మీ వెనక కిటికీ మూల నుంచి పగిలిందన్నారు కదా, విప్పాక చూడండి, ఆ మూల చానెల్ అడుగుకి ఆనుకుని గానీ, అంచు గరుకుగా వదిలేసి గానీ ఉంటుందని నా అంచనా.

విప్పడం. ముందు చుట్టూ ఇంటీరియర్ ట్రిమ్ తీయాలి. ఆ వయసు సెస్నాల్లో రాయలైట్ ప్లాస్టిక్ ట్రిమ్ ఎండి పెళుసుగా ఉంటుంది, చల్లగా ఉన్నప్పుడు పీకితే స్క్రూల దగ్గర ముక్కలవుతుంది, వేడి రోజున తీయండి. దిక్సూచి, విండ్‌షీల్డ్ గుండా పోయే ఉష్ణోగ్రత మీటర్ ఉంటే అది, వైర్లు విప్పి ఫొటోలు తీసి పెట్టుకోండి. రెక్క మొదట్లో ఫెయిరింగ్‌లు (అతుకుల మీద కప్పే పల్చటి తొడుగులు) తీయాలి. ముందు పక్క, ఇంజిన్ వెనక, విండ్‌షీల్డ్ కింది రేకు, అంటే కౌల్ డెక్ మీద ఉన్న రిటైనర్ పట్టీ రివెట్లు డ్రిల్ చేయాలి. రివెట్ తల నడిమధ్య గుర్తు పెట్టి, రివెట్ సైజు బిట్‌తో తల మందం వరకే దిగి, తలని పంచ్‌తో విరిచి, కాడని వెనక ఆనింపు పెట్టి కొట్టండి. పూర్తిగా అవతలిదాకా డ్రిల్ చేస్తే బెజ్జం పెద్దదవుతుంది. పై, పక్క రిటైనర్లని కదపక్కర్లేదు, విండ్‌షీల్డ్‌ని సూటిగా ముందుకి లాగితే వస్తుంది. ఇద్దరుండాలి. పాతదాన్ని పగలగొట్టి తీయొద్దు, ఎంత నెర్రెలు బారినా సరే, కొత్తది కోసేటప్పుడు మీకున్న అసలైన కొలబద్ద అదే.

అది బయటికొచ్చాక ఒక రోజు ఆగి చూడండి అంటాను. పాత ఫెల్ట్ పట్టీ ఏళ్ల తరబడి వాననీళ్లు పీల్చి రేకుకి ఆనించి పెట్టుకుని ఉంటుంది, దాని కింద తుప్పు సాధారణం. పాత సీలెంట్‌ని ప్లాస్టిక్ గరిటెతో గీకి తీసి, రేకు శుభ్రం చేసి, తుప్పుంటే మెకానిక్‌కి చూపించి, ప్రైమర్ వేయించండి. ఇంకో లాభం, ప్యానెల్ వెనక భాగం ఇంత తేలిగ్గా చేతికందే రోజు మళ్లీ రాదు. రేడియో మార్చాలనుకుంటున్నా, పాత వైర్లు, గొట్టాలు మార్చాలనుకుంటున్నా ఇప్పుడే. సీటు కింద తలకిందులుగా పడుకుని చేసే పని ఇక్కడ నిలబడి అయిపోతుంది.

కొత్తది కావాలనే కొంచెం పెద్దదిగా పంపుతారు. పాతదాన్ని పక్కన పెట్టి గీత గీసి, గీతకి బయటే ఆగి, పెట్టి చూసి, తీసి, ఇంకాస్త తీసి, మళ్లీ పెట్టి చూడాలి. అసలు పనంతా ఇదే, మిగతావన్నీ దీని ముందు చిన్నవి. బెల్ట్ శాండర్‌తో గానీ ఆకురాయితో గానీ కొద్దికొద్దిగా అరగదీయండి, రంపం బ్లేడుతో కోస్తే అంచు అదిరి చీలుతుంది. వేడెక్కనివ్వొద్దు, అక్రిలిక్ కరిగి ముద్దకట్టే వాసన వస్తే ఆపేయండి. చానెల్ అడుగుకి, అంచుకి మధ్య నేను సుమారు ఎనిమిదో వంతు అంగుళం వదులుతాను. సరిపోయాక అంచులని సన్న శాండ్ పేపర్‌తో నునుపుగా చేసి, మూలలు కొద్దిగా గుండ్రం చేయండి, వేలితో తడిమితే ఎక్కడా గరుకు తగలకూడదు. పగులు ఎప్పుడూ గరుకు అంచులోని చిన్న గాటు నుంచే మొదలవుతుంది. షెడ్డులో 20 డిగ్రీలకి పైనే ఉండాలి, చల్లటి అక్రిలిక్ చాలా పెళుసు, జనవరిలో తలుపు తెరిచిన హ్యాంగర్‌లో ఈ పని పెట్టుకోవద్దు. రక్షణ పొరని అంచుల మేరకే వెనక్కి మడవండి, మిగతాది చివరిదాకా ఉంచండి. కానీ ఆ పొరతోనే ఎండలో రోజుల తరబడి వదిలేయకండి, జిగురు అతుక్కుపోయి తీయడానికి ప్రాణం తీస్తుంది.

బెజ్జం వేయాల్సి వస్తే, మీ విమానంలో ఉష్ణోగ్రత మీటర్ కోసం వేయాల్సి రావొచ్చు, లోహానికి వాడే మామూలు బిట్ వాడొద్దు. దాని మొన అక్రిలిక్‌ని కొరికి లోపలికి లాగుతుంది, అవతలికి దిగే క్షణంలో చీలుస్తుంది. ప్లాస్టిక్ కోసం చెక్కిన బిట్ గానీ, మెట్లమెట్లుగా ఉండే స్టెప్ డ్రిల్ గానీ వాడి, వెనక చెక్క ఆనించి, నెమ్మదిగా తిప్పండి. బెజ్జం వస్తువు కంటే పెద్దదిగా ఉండాలి, గోడలు నునుపు చేయాలి. కిట్ విమానాల్లో, ఇంకొన్ని మోడళ్లలో స్క్రూలు అక్రిలిక్ గుండానే పోతాయి. అలాంటివాటికి ఎఫ్ఏఏ సలహా పత్రం ఏసీ 43.13-1బీ చెప్పే పద్ధతి గుర్తుంచుకోండి: నట్ ఆనేదాకా బిగించి, ఒక పూర్తి చుట్టు వెనక్కి తిప్పాలి.

అమర్చేటప్పుడు పై మూల నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా రిటైనర్‌లోకి జరుపుతూ రావాలి, మొత్తం ఒకేసారి తోయకూడదు. ఎక్కడైనా అరచేత్తో గట్టిగా నొక్కాల్సి వచ్చిందంటే అది ఇంకా పెద్దదిగా ఉందన్నమాట, తీసి మళ్లీ అరగదీయండి. కింది వెనక మూలల దగ్గర వంపు ఎక్కువ, కొత్త విండ్‌షీల్డ్‌లు అమర్చే రోజే పగిలేది అక్కడే.

సీలెంట్. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఆరుతూ ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, అది అల్యూమినియంని తింటుంది. పైగా సిలికాన్ పూసిన రేకు మీద తర్వాత ఇంకేదీ అంటదు, రంగు కూడా అంటదు, ఆ తర్వాత వచ్చే మెకానిక్ మిమ్మల్ని తిట్టుకుంటూ గీకుతూ కూర్చోవాలి. మీ సర్వీస్ మాన్యువల్ ఫెల్ట్ పట్టీతో పాటు సీలింగ్ కాంపౌండ్ అడుగుతుంది, దాని ప్రకారమే పోండి. మెత్తగా ఉండిపోయే సీలింగ్ టేపు నాకిష్టం, గట్టిపడదు, అక్రిలిక్‌ని కదలనిస్తుంది, రేపు మళ్లీ విప్పాలన్నా తేలిక. బయటి అంచు పూడ్చడానికి పీఆర్-1425 లాంటి విండ్‌షీల్డ్‌ల కోసమే చేసిన పాలీసల్ఫైడ్ (రబ్బరులా ఆరే సీలెంట్) ఉంది. దాని డబ్బా మీద బీ-2 అని ఉంటే కలిపాక రెండు గంటల పని సమయం అని, బీ-½ అంటే అరగంటే అని. కొత్తవాళ్లు బీ-2 తీసుకోండి. పూసే ముందు రెండు వైపులా టేపు అంటించి, పూసి, ఆరకముందే టేపు లాగేస్తే గీత శుభ్రంగా వస్తుంది. ఒలికినదాన్ని తుడవడానికి ఎసిటోన్, ఎంఈకే, థిన్నర్ చేతిలోకి తీసుకోవద్దు, అక్రిలిక్ మీద ఒక్క తుడుపు చాలు కొత్తదాన్ని పాడుచేయడానికి.

కౌల్ డెక్ పట్టీకి మళ్లీ రివెట్లే వేయక్కర్లేదు. కనీసం 6వ నంబరు స్క్రూలు, సెల్ఫ్ లాకింగ్ నట్లు వాడితే బలం తగ్గదని సెస్నా మాన్యువలే ఒప్పుకుంటుంది. నేను స్క్రూలే వేయమంటాను. అయితే దిక్సూచి దగ్గర్లో పడే స్క్రూలు అయస్కాంతానికి అంటనివై ఉండాలి, పెట్టే ముందు చిన్న అయస్కాంతంతో ఒక్కొక్కటి పరీక్షించండి. పనయ్యాక దిక్సూచిని మళ్లీ స్వింగ్ చేసి (విమానాన్ని తెలిసిన దిక్కులకి తిప్పి తేడా ఎంతో చూసి), సవరణ కార్డు కొత్తది రాయండి. ఇది చాలామంది వదిలేస్తారు.

స్క్రూ సంగతి ఇంకాస్త చెప్పాలి. పాతదాని పక్కన పెట్టి చూసి, సరిగ్గా అలాగే ఉంది కదా అని ఏరుకోవద్దు, పార్ట్ నంబరు చూసి తెచ్చుకోండి. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి మలగా వెళ్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానంలో, 17,300 అడుగుల ఎత్తులో కెప్టెన్ ముందున్న విండ్‌స్క్రీన్ ఊడిపోయింది, కెప్టెన్ టిమ్ లాంకాస్టర్ సగం శరీరం బయటికి వెళ్లిపోయింది, సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకుని ఉండగా కో-పైలట్ అలస్టెయిర్ అచిసన్ సౌతాంప్టన్‌లో దించాడు. కెప్టెన్ బతికాడు. ఆ విండ్‌స్క్రీన్ 27 గంటల ముందే మార్చారు. 90 బోల్టుల్లో 84 బోల్టుల వ్యాసం 0.026 అంగుళం తక్కువ, మిగతా ఆరు పొడవు తక్కువ. బోల్టుని పాతదానితో కంటితో పోల్చి ఎంచారు, పాతదే సరైనది కాదు. మీ 172లో క్యాబిన్ ప్రెషర్ ఉండదు, అంత దారుణం జరగదు. కానీ 120 నాట్ల వేగంలో, సముద్ర మట్టం దగ్గర, గాలికి నేరుగా ఎదురున్న చోట ఒత్తిడి చదరపు మీటరుకి సుమారు 240 కిలోల బరువుతో సమానం. ఆ పట్టీ, ఆ స్క్రూలు మోసేది దాన్నే. మీ విమానం దాదాపు యాభై ఏళ్లలో ఎంతమంది చేతులు మారిందో, అందులో ఎవరు ఏ స్క్రూ పెట్టారో తెలియదు కాబట్టి పాతది నమ్మొద్దు.

వాననీళ్ల విషయం. కుడి కాళ్ల దగ్గర నీళ్లంటే విండ్‌షీల్డే అని అనుకోకండి, రెక్క మొదట్లో సీలు, గాలి వచ్చే వెంట్, తలుపు రబ్బరు కూడా అదే చోట కారుస్తాయి. విండ్‌షీల్డ్ విప్పక ముందే ఒకరు లోపల టార్చితో, ఒకరు బయట తోట పైపుతో, ఒత్తిడి లేకుండా, కింద నుంచి మొదలుపెట్టి పైకి వెళ్తూ తడపండి. పై నుంచి పోస్తే నీళ్లు అన్నిచోట్లా పారి ఏది కారుతోందో తేలదు. కొత్తది అమర్చి సీలెంట్ ఆరాక ఇదే పరీక్ష మళ్లీ చేయండి, రేడియోల మీద చుక్క పడక ముందే తెలియాలి.

లాగ్‌బుక్‌లో మీరు మార్చిన పక్క కిటికీకి పని వివరం, పార్ట్ నంబరు, తేదీ, మీ సంతకం, పైలట్ సర్టిఫికెట్ నంబరు, అది ఏ రకం సర్టిఫికెట్ అన్నది రాయాలి. పార్ట్‌తో వచ్చిన కాగితాలు పారేయొద్దు, అమ్మేటప్పుడు కొనేవాడి మెకానిక్ మొదట అడిగేది అవే. విమానానికి రంగు వేయించే ఆలోచన ఉంటే ముందే చెప్పండి: పాత రంగు తీసే స్ట్రిప్పర్ అక్రిలిక్‌ని నాశనం చేస్తుంది, అందుకని పాత కిటికీలతోనే రంగు గీకించి, తర్వాత కొత్తవి అమర్చి, ఆపై రంగు వేయించడం మంచి వరస.

ఇక అది ఎన్నాళ్లు ఉంటుందన్నది తుడిచే చేతిని బట్టి. ముందు నీళ్లు ధారగా పోసి, ఉంగరం తీసేసి ఉత్త చేత్తో దుమ్ము కదిలించండి, దుమ్ము మీద పొడిగుడ్డ వేస్తే శాండ్ పేపర్ వేసినట్టే. తర్వాత విమానాలకి అమ్మే క్లీనర్, మెత్తటి నూలు గుడ్డ, పైకీ కిందకీ తుడుపు. పేపర్ టవల్ వద్దు. ఇంట్లో కిటికీలకి కొట్టే అమ్మోనియా నీలం ద్రవం, ఆల్కహాల్, పెట్రోలు ఏవీ దగ్గరికి రానివ్వొద్దు. మీ విమానంలో ఇంధనం రెక్క మీద నుంచి పోస్తారు కదా, పైపు విండ్‌షీల్డ్ మీదుగా లాగనివ్వకండి, చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి. రెక్క మూతల కింది రబ్బరు రింగులు పాతబడి ఉంటే ఇప్పుడే మార్చండి, నిండా పోసి ఎండలో నిలబెట్టినప్పుడు అక్కడి నుంచి కారే సన్నటి తడి మీ కంటపడదు గానీ విండ్‌షీల్డ్ పై మూలల్లో మొదటి నెర్రెలు వచ్చేది చాలాసార్లు దానివల్లే.